తాటి మొలకలకు తడి గోనెలు

మా మేనమామ పోయాడని తొర్రూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను మడికొండలో ఆఫీసు బస్సు దిగుతున్నాను. వరి కోయించి ఇంటికొచ్చి, మంచినీళ్లు అడిగి, అత్త చెంబు తెచ్చేలోగా ఒరిగిపోయాడట. పని మధ్యలో వదిలే మనిషి కాదు, కోతల దాకా ఆగాడు అన్నారంతా. నిజానికి మధ్యలోనే వదిలాడు. మిషన్ కోసిన పొలంలో వరి మోళ్లు, మా కొయ్యకాళ్లు, అలాగే ఉన్నాయి.

పొలం ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు, యాసంగి పంట నాటు తొందరలో ఊరంతా కొయ్యకాళ్లకు నిప్పంటిస్తుంది. మామ మాత్రం నీళ్లు పెట్టి, సూపర్ ఫాస్ఫేట్ చల్లి, దున్నించి కుళ్లబెట్టేవాడు. నాటు వెనకబడేది, అత్త సణిగేది. "నేలకు బువ్వ వెడ్తాన. అది గూడ కాలవెట్టుకుంటే ఏం తింటది?" అనేవాడు.

అసలు సంగతి వేరే. కొన్నేళ్ల కింద ఆయనా ఒకసారి కాల్చాడు. మంట గట్టెక్కి తాటిచెట్టు ఎండుమట్టలను అందుకుంది. ఆ చెట్టుకు కల్లు గీసేది ఆయన చిన్ననాటి దోస్తే. చెట్టు మాడిపోయాక ఆ దోస్తు ఒక్క మాటా అనకుండా, చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని వెళ్లిపోయాడట. "తిట్టినా మంచిగుండు బిడ్డా" అని మామ నాతో ఎన్నిసార్లు అన్నాడో. అప్పటినుంచి ఏటా గట్టు మీద తాటి టెంకలు పాతేవాడు. సగం మొలవలేదు, కొన్ని ట్రాక్టరు కింద నలిగాయి. "ఇవి గీతకొచ్చే దాక నువ్వుంటవా మామా?" అని ఎగతాళి చేస్తే, "నేనెందుకే, చెట్టుంటె సాలదా" అని నవ్వేవాడు.

ఒక ఎండాకాలం దవాఖానకని వచ్చి మా ఫ్లాట్లో ఉన్నాడు. బాల్కనీలో ఏసీ డబ్బా ముందు అరచెయ్యి పెట్టి, "సల్లదనం మనకు, ఈ ఎచ్చ గల్లీల ఉన్నోళ్లకా బిడ్డా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది, ఏసీ ఆపలేదు. ఇప్పుడు ఫ్యానుతో గడిచే రోజు ఫ్యానుతోనే గడుపుతాను. రిమోట్ అందుకుంటే ఆ చెయ్యి గుర్తొస్తుంది.

ఈసారి కార్తీకంలో ముసురు పట్టి కోతలు ఆలస్యమయ్యాయి. "కాలం మన మీద అలగలే, మనమే దాన్ని సతాయిస్తానం" అన్నాడు ఆఖరి ఫోన్లో.

దినాలు అయ్యాక మామ కొడుకు ఫోన్ చేశాడు. నాకు మరిది వరస, చిన్నవాడు.

"వదినె, నారు ముదురుతాంది, దున్నేటందుకు ట్రాక్టర్ దొరుకుతలేదు. ఐతారం కొయ్యకాళ్లకు అంటువెడ్త. ఫికర్ జెయ్యకు, నాయిన పెట్టిన తాటి మొక్కలకు ఏం గానియ్య."

ఫికర్ చెయ్యొద్దంటే ఆగుతుందా? ఆఫీసులో కుర్చీలో నిలవలేకపోయాను. లేస్తాను, నీళ్లు తాగుతాను, మళ్లీ కూర్చుంటాను. ఆయన మిగిల్చి పోయింది ఆ మొలకలే, అవీ మాడిపోతాయన్న భయం.

ఆదివారం మొదటి బస్సెక్కాను. దారి పొడవునా పొలాల మీద పొగే. కండక్టరమ్మ దగ్గుతూనే టికెట్లు కొట్టింది. నేను వెళ్లేసరికి మా మరిది గట్టు మీద వంగి, ఒక్కో తాటి మొలకకు తడి గోనెసంచి చుట్టి సుతిలి తాడుతో కడుతున్నాడు. చొక్కా జేబులో అగ్గిపెట్టె. నేను నోరు తెరిచేలోగా మామ చిన్ననాటి దోస్తు కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. కట్టిన గోనెను కర్రతో తాకి చూశాడు.

"మీ నాయిన గూడ ఆనాడు గిట్లనే సుట్టిండు కొడుకా, తాటిచెట్టుకు," అన్నాడు. "నేను గోనె పట్టుకున్న, ఆయన తాడు కట్టిండు. ఏం గాదనుకున్నం ఇద్దరం. ఇగ ఆయన్ని ఏమని తిడ్దు?"

మామ ఎదురుచూసిన తిట్టు ఎందుకు రాలేదో నాకప్పుడు తెలిసింది. చెప్పడానికి మామ లేడు. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

మరిది చేతిలోని సుతిలి ఉండ గట్టు మీద పెట్టాడు. తర్వాత లేచి బోరు దగ్గరికి వెళ్లి స్టార్టర్ నొక్కాడు. "నారు ముదిరితే మల్ల కొత్తది పోస్త. నాయిన పోయినంక గూడ సతాయిస్తాండు," అని గొణిగాడు.

గోనెలు విప్పడం అందరం మరిచిపోయాం. నేను బయలుదేరేటప్పుడు కొయ్యకాళ్ల మధ్య నీళ్లు మెల్లగా పాకుతున్నాయి. గట్టు మీద మొలకలు తడి గోనెలు కప్పుకుని అలాగే ఉన్నాయి. పక్క చేలో పొగ ఇంకా లేస్తోంది.