తువాలు కింద ఢిల్లీ

ఆ రోజుల్లో డిగ్రీ పూర్తయినవాడికి ప్రపంచంలో తెలియనిదంటూ ఉండదు. నాకైతే ఉండేది కాదు. పైగా రెండు హిందీ పరీక్షలు పాసయ్యాను గనక, మావయ్యకీ అత్తయ్యకీ ఢిల్లీ చూపించే బాధ్యత నా నెత్తిన పడింది. మావయ్యది చిలకలూరిపేట సంతలో ఎడ్ల బేరాలు కుదిర్చే పని. అత్తయ్య కోరిక ఒక్కటే, ఎర్రకోట ముందు ఫొటో. (దానికోసం చర్చిలో ప్రార్థన కూడా చేయించి వచ్చింది.) తీరా చూస్తే, చివరిరోజు మధ్యాహ్నం కుతుబ్ మినారు దగ్గరే దాటిపోయింది. నా ఫోను చచ్చిపోయింది. రాత్రికి రైలు.

"ఎర్రకోట చూడకుండా వెళ్తే సంఘంలో నా మొహం ఎక్కడ పెట్టుకోనురా?" అంది అత్తయ్య, ఏడుపొక్కటే తక్కువగా. ఓ ఆటో ఆపి, అతను అడిగిన రేటు నేను తెలుగులో చెప్పగానే మావయ్య అదిరిపడ్డాడు. "అంత పెడితే మనూళ్లో దూడొస్తదిరా! నువ్వు పక్కకుండు, నేను మాట్లాడతా."

"నీకు హిందీ రాదుగా మావయ్యా!"

"బేరానికి భాషెందుకురా?" అంటూ భుజం మీది తువాలు ఆటో అతని చేతి మీద కప్పి, లోపల వేళ్లు పట్టుకుని నొక్కడం మొదలెట్టాడు. మా సంతలో బేరం అంతే, పక్కవాడికి ధర తెలియకుండా వేళ్లతోనే సాగుతుంది. ఆ సంగతి ఢిల్లీకి తెలియదు. ఉంగరం లాగేస్తున్నాడనుకున్నాడో ఏమో, అతను పెట్టిన కేకకి జనం మూగారు. లాఠీతో ఓ మీసాల కానిస్టేబులు వచ్చాడు. నా రెండు పరీక్షల హిందీలోంచి 'నమస్తే' ఒక్కటే బయటికొచ్చింది. అంతలో మావయ్య కానిస్టేబులు చేతిమీద కూడా తువాలు కప్పేశాడు! ఇక జైలేనని కళ్లు మూసుకున్నాను.

వినపడింది కానిస్టేబులు నవ్వు. వాళ్ల ఊరి పశువుల సంతలోనూ ఇదే పద్ధతట! ఇద్దరూ తువాలు కింద కాసేపు వేళ్లు నొక్కుకుని, తలలూపుకుని, బేరం తెంచేశారు. (ఆటో అతనికి ఆ ధర చెప్పి ఒప్పించింది మాత్రం కానిస్టేబులే.) మేం దిగేసరికి ఎర్రకోట గేటు మూసేస్తున్నారు. లోపలికి వెళ్లలేదుగానీ, గేటు ముందు ఫొటోలు తీసే అతని పుణ్యమా అని ఫొటో దక్కింది.

ఇప్పుడు ఉద్యోగం పనిమీద తరచూ ఢిల్లీ వెళ్తుంటాను. రేటు ఫోనే చెబుతుంది. నోరు విప్పకుండా ఎక్కుతాను, దిగుతాను. హిందీ అంతా తెలుసనుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఆ ఊళ్లో మావయ్యకి ఒక్క పూటలో స్నేహితుడు దొరికాడు. నాకింకా దొరకలేదు.