మధ్య పేజీలు లేని వారపత్రిక

2023 వేసవి. న్యూజెర్సీలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పాత కాగితాలకు వైద్యం చేయడం నా ఉద్యోగం. జీనా అనే డెబ్బై దాటిన ఇటాలియన్ ఆవిడ, ఇల్లు అమ్మేసి చిన్న అపార్ట్‌మెంట్‌కి మారుతూ, ఇటలీలో దశాబ్దాలుగా వస్తున్న ఒక బొమ్మల కథల వారపత్రిక పాత సంచికలు తెచ్చింది. మేం తీసుకోకపోతే అవి చెత్తబండి ఎక్కాల్సిందే.

నాకు ఇటాలియన్ ముక్క రాదు. బొమ్మలకు భాషెందుకు? మొదట్లో దినపత్రికంత సైజు, తర్వాత చేతిలో ఇమిడే పుస్తకం. రంగులు కూడా ఏటేటా పెరిగాయి. పని పక్కన పెట్టి చూస్తూ కూర్చున్నాను.

తర్వాత కొలేషన్ చేశాను, అంటే పేజీలన్నీ ఉన్నాయో లేదో తిప్పి చూడడం. పాత సంచికలన్నిటిలో సరిగ్గా మధ్య పేజీలే లేవు. మా సెక్షన్ హెడ్ అనన్య, ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల, పెదవి విరిచింది.

"ఇన్‌కంప్లీట్ సెట్ మనం తీసుకోం కదా ఆంటీ. సారీ చెప్పేద్దాం."

ఎలుకలు కొరికితే అంచులు పోతాయి గానీ మధ్య పేజీలు ఇంత శుభ్రంగా పోవు. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. వారపత్రికల్లో సీరియల్ పేజీలు ఊడదీసి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసేది. జీనాకి ఫోన్ చేసి, మీ ఇంట్లో ఎవరైనా అలా కుట్టేవారా అని అడిగాను. రేపు వస్తానని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పువ్వుల కర్టెన్ గుడ్డతో అట్ట వేసిన లావుపాటి పుస్తకం పట్టుకొచ్చింది. మధ్య పేజీల్లో సీరియల్ వచ్చేదట, వాళ్లమ్మ వారం వారం తీసి దాచి కుట్టిందట. ఇది పత్రిక కాదు, అమ్మ పుస్తకం కదా అని ఇంట్లోనే ఉంచుకుందట.

అనన్య ముఖం వెలిగింది. "కుట్లు విప్పి పేజీలు వెనక్కి పెట్టేద్దాం ఆంటీ, సెట్ కంప్లీట్ అవుతుంది."

జీనాకి తెలుగు రాదు, కానీ అనన్య కత్తెర వైపు చూడడం అర్థమైంది. పుస్తకం మీద చెయ్యి వేసింది.

"మా అమ్మ చేతిపని నా దగ్గర ఇదొక్కటే మిగిలింది," అంది.

"పత్రిక ఎలా అచ్చయిందో వేరే లైబ్రరీల్లోనూ దొరుకుతుంది అనన్యా. ఇంట్లో ఎలా చదువుకున్నారో ఇందులోనే ఉంది," అన్నాను. అనన్య ఆ కుట్టు దగ్గరగా చూసి, విప్పబోమని జీనాకి మాటిచ్చి, ఆవిడ సరేనన్నాక పత్రికలూ పుస్తకమూ రెండూ తీసుకుంది. కుట్టు కదపలేదు.

అప్పటినుంచి ఏ పత్రికలో పేజీ లేకపోయినా, ఎవరు దాచుకున్నారో అని ముందు ఆరా తీస్తాను.

జీనా అప్పుడప్పుడు రీడింగ్ రూమ్‌కి వచ్చి ఆ పుస్తకం తీయించుకుంటుంది. వాళ్లమ్మలాగేనట, నాలుకతో వేలు తడి చేసుకుని పేజీ తిప్పుతుంది. మా వృత్తిలో అది మహాపాపం. నేను కిటికీ వైపు తిరిగి కూర్చుంటాను.