చెత్త: ఒకటి నుంచి పదిహేడు

విన్నారా గారు కంప్యూటర్ మాట నమ్మరు. మనుషుల మాట కాస్తో కూస్తో నమ్ముతారు గానీ, తెర మీద "పని విజయవంతంగా పూర్తయింది" అని పచ్చటి అక్షరాలు కనిపిస్తే చాలు, ఆయన కనుబొమలు ముడిపడిపోతాయి. "అది చెప్పింది సరే, మీరు విన్నారా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నే ఆయనకు పేరైపోయింది. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఇంట్లోనూ ఇదే వరస. గ్యాస్ కట్టేశానని భార్య చెబితే, వెళ్ళి స్టవ్ దగ్గర చెవి పెట్టి వస్తారట. "ముప్పయ్యేళ్ళుగా కడుతున్నాను, ఒక్కసారీ నమ్మలేదు ఈ మనిషి!" అని ఆవిడే ఆఫీసుకొచ్చి చెప్పి నవ్వి వెళ్ళింది.

ఆఫీసంటే, చూపులేని వాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే గ్రంథాలయం. వెనక గదిలో రికార్డింగు, ముందు గదిలో కౌంటరు. రికార్డు చేసిందంతా ఒకే ఒక్క ముసలి కంప్యూటర్లో ఉంది. అది ఏ రోజు కన్నుమూస్తుందో తెలియదు. అందుకని అన్నిటినీ సీడీలకెక్కించాలనుకున్నారు. అందుకు తగిన సాఫ్ట్‌వేర్ ఏదో తేల్చమని సెక్రటరీ గారు విన్నారా గారికి రెండు వారాల గడువిచ్చారు. మూడేళ్ళయింది.

"ఏమండీ, తేలిందా?"

"ఇంకా పరీక్షలోనే ఉందండీ."

"పదకొండోది బావుందన్నారుగా?"

"బావుంది గానీ మరీ దూకుడు. ఎంత లావు పుస్తకాన్నైనా మూడు నిమిషాల్లో రాసేస్తానంటుంది. అలా అన్నవాణ్ణి మీరు నమ్ముతారా?"

"పోనీ పన్నెండోది?"

"పని కాగానే బాకా ఊదుతుందండీ. గొప్పలెక్కువ."

"పదమూడు?"

"అది నెమ్మదస్తురాలే పాపం. ఫైళ్ళ పేర్లన్నీ పొందిగ్గా రాసింది. ఫైళ్ళు రాయడం మరిచిపోయింది."

సెక్రటరీ గారు తల పట్టుకుని వెళ్ళిపోయేవారు. విన్నారా గారు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్ళు మూసుకుని, సీడీ మొదటి నుంచి చివరి దాకా వింటూ కూర్చునేవారు.

కౌంటర్లో కూర్చునే అమ్మాయికి ఈ తతంగమంతా ఒకప్పుడు పెద్ద వినోదం. ఇప్పుడు నవ్వు రావడం లేదు. వాళ్ళమ్మ పోయి ఐదు నెలలైంది.

ఆ అమ్మ ఈ వెనక గదిలోనే ఎనిమిదేళ్ళు పుస్తకాలు చదివింది. విన్నారా గారిని నోరారా అన్నయ్యా అనేది, అందుకే ఈ అమ్మాయికి ఆయన మావయ్య. చివరి మూడేళ్ళూ దగ్గు ఆవిణ్ణి వాక్యం పూర్తి చెయ్యనిచ్చేది కాదు. దగ్గిన చోటల్లా, తడబడిన చోటల్లా ఆయన కత్తిరించేవారు. పుస్తకం కడిగిన ముత్యంలా వచ్చేది.

ఆ ముత్యంతోనే వచ్చింది చిక్కు. మొన్నామధ్య అమ్మాయి ధైర్యం చేసి అమ్మ చదివిన పుస్తకం పెట్టుకుంది. ఒక్క నిమిషం విని ఆపేసింది. ఎవరో పెద్దావిడ తీరిగ్గా చదువుతున్నట్టుంది. అది పుస్తకాల గొంతు, అందరిదీ. ఇంట్లో "ఏమే, తిన్నావా?" అని అరిచే గొంతు వేరు. దాన్ని ఫోన్లో దాచుకోవాలని ఒక్కనాడూ తోచలేదు. రోజూ ఉండే గొంతును దాచుకోవాలని ఎవరికి తోస్తుంది? ఇప్పుడు అది చెవుల్లోంచి కొంచెం కొంచెంగా జారిపోతోంది. అదే ఆ పిల్ల భయం. ఎవరికీ చెప్పుకోలేదు.

ఇంతలో సెక్రటరీ గారికి ఓపిక నశించింది. పద్దెనిమిదో సాఫ్ట్‌వేర్ తనే కొనేసి, బీరువాలోని పరీక్ష సీడీలన్నీ సాయంత్రంలోగా పారేయమని అమ్మాయికి చెప్పారు. బీరువా తెరిస్తే పదిహేడు సీడీలు. అన్నిటి మీదా విన్నారా గారి గుండ్రటి దస్తూరి: చెత్త-1, చెత్త-2, అలా పదిహేడు దాకా.

ఆమె వాటిని అట్టపెట్టెలో వేస్తుంటే ఆయన వచ్చి నిలబడ్డారు.

"పారేస్తున్నావా?"

"చెత్తేగా మావయ్యా."

"చెత్త అని దాని మీద రాసుంది సరే. నువ్వు విన్నావా?"

విసుగ్గానే ఒకటి పెట్టింది. ముందు దగ్గు. తర్వాత, "అయ్యో, మళ్ళీ తగలేశాను! ఈ ముక్క తీసేయండి అన్నయ్యా." మళ్ళీ దగ్గు. ఆపుకోలేని నవ్వు. "ఉండండి, మా పిల్ల కౌంటర్లో తినకుండా కూర్చునుంటుంది, వెళ్ళి నాలుగు చీవాట్లు పెట్టొస్తాను. మొండిఘటం. అంతా నా పోలికే." కుర్చీ జరిగిన చప్పుడు. దూరం నుంచి, "ఏమే, తిన్నావా?"

అమ్మాయి హెడ్‌ఫోన్లు రెండు చేతులతో అదిమి పట్టుకుని భోరున ఏడ్చింది.

"పరీక్షకు ఏదో ఒక ఫైలుండాలి కదా," అన్నారాయన, గోడ వైపు చూస్తూ. "మీ అమ్మ తీసేయమంది. తీసేశాను. పారేయమని అనలేదు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం మావయ్యా?"

"మొన్న పుస్తకం పెట్టుకుని ఒక్క నిమిషంలో ఆపేశావు. చూశాను. ఇంకొన్నాళ్ళు ఆగుదామనుకున్నాను."

"మరి పదిహేడు ఎందుకు?"

"ఒక్కదాన్నే నమ్ముకుంటే, రేపది పోతే?" ఆయన పెట్టెలోంచి రెండో సీడీ తీసి చేతికిచ్చారు. "ఊఁ, కానీ."

"అన్నిట్లోనూ ఇదేగా ఉంది?"

"ఉందని అది చెప్పింది. నువ్వు విన్నావా?"

ఆ ఏడుపులోనే ఆమెకు నవ్వొచ్చింది. సీడీ మార్చింది. అదే దగ్గు, అదే నవ్వు. సగంలో ఉండగా సెక్రటరీ గారు గుమ్మంలోంచి తొంగి చూశారు.

"ఏమ్మా, ఆ చెత్త ఇంకా పారెయ్యలేదా?"

అమ్మాయి కళ్ళు తుడుచుకుని, ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ కాస్త జరిపింది.

"లేదండీ. ఇంకా పరీక్షలోనే ఉంది."