ముళ్ళు లేని చేప

ఈ రోజు మా కిరందుల్ రైల్వే క్వార్టర్లో మొదటిసారి ఓవెన్‌లో ఫిష్ ఫింగర్స్ చేశాను. పక్కింటివాళ్ళు విశాఖ నుంచి వస్తూ తెచ్చిచ్చిన వంజరం చేపని ముళ్ళు లేకుండా వేలంత ముక్కలు కోసి, గుడ్డుసొనలో ముంచి, రస్కుల పొడి అద్ది లోపల పెట్టాను. నూనె పేరుకే వేశాను, అయినా కరకరలాడాయి. అంతవరకూ గొప్పంతా నాదే.

మా పాప వాటిని సాస్‌లో ముంచుకుని గబగబా తినేసి ఆటకి పరిగెత్తింది.

మా ఇంట్లో చేప తినడమంటే అంత తొందరగా తేలే పని కాదు. భీమిలిలో పుట్టి పెరిగిన మా అత్తయ్య పాపని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో ముల్లూ తీసి ముద్దలు పెడుతూ, పొద్దున్నే పడవలు ఒడ్డుకెలా వచ్చేవో చెబుతూ ఉంటుంది. ఈ ఇనుప ఖనిజం కొండల మధ్య పుట్టిన పిల్లకి సముద్రం తెలిసింది ఆ ముద్దల్లోనే.

ఇవాళ ఆవిడ ఒక ముక్క విరిచి, అలవాటుగా వేళ్ళతో ముల్లు కోసం వెతికింది. ఏమీ దొరకలేదు.

"బాగోలేదా అత్తయ్యా?" అన్నాను.

"బాగున్నాదమ్మా. పిల్లే, తినీసి ఎల్లిపోనాది," అని చెయ్యి కడుక్కోవడానికి లేచింది.

ఎవర్నడిగినా ముళ్ళు తక్కువుండే చేపలే చెబుతారు. బాగా ముళ్ళుండే చేప ఏదో మీకు తెలిస్తే కాస్త కామెంట్లో రాయండి. ఈసారి సంతలో అదే వెతుకుతాను.