మంచులో సక్రి ఆటో

పొగమంచులో సక్రికి కళ్ల కంటే చెవుల మీదే నమ్మకం. ములకలపల్లి అడవి దారిలో, మిరపకాయలు ఏరే ఆడవాళ్లను తెల్లారేసరికి చేలకు చేర్చే ఆటో ఆమెది. మంచు కమ్మిందంటే హెడ్‌లైటు డిమ్ము చేస్తుంది, పాటలు ఆపేస్తుంది. చెవుల మీది స్కార్ఫు వెనక్కి తోసి, ప్రతి మలుపు ముందూ తల బయటికి పెట్టి వింటుంది.

ఆ రోజు రోడ్డు పక్క టేకు చెట్లు కూడా కనబడలేదు. పెద్ద మలుపు ముందు సక్రి ఆటోను రోడ్డు దింపి ఇంజన్ ఆపేసింది. "ఏందక్కా, గిట్ల ఆగుకుంట పోతే ఎప్పుడు చేరుతం? లేటయితే మేస్త్రి వాపస్ పంపిస్తడు" అంది వెనక నుంచి పుష్ప. "జర నోరు మూసుకో పిల్లా" అంది సక్రి. ఎనిమిది మందీ ఊపిరి బిగబట్టారు. ఆకుల మీంచి మంచు రాలే చప్పుడు తప్ప ఏమీ లేదు. అయినా సక్రి తాళంచెవి ముట్టలేదు. కాసేపటికి నేల సన్నగా అదిరింది. లైట్లు లేని జామాయిల్ కర్రల లారీ ఒకటి, రోడ్డంతా తనదే అన్నట్టు, కొండ కదిలినట్టు వాళ్ల పక్కనుంచి సాగిపోయింది. ఆటో ఊగింది. పచ్చి జామాయిల్ వాసన మంచులో నిలిచిపోయింది. సక్రి తాళంచెవి తిప్పబోతుంటే పుష్ప ముందుకు వంగి ఆమె భుజం పట్టుకుంది. "ఇంకొంచెంసేపు ఇందాం అక్కా" అంది గుసగుసగా.