దూడల డాక్టరమ్మ పిల్లుల చదువు

ముందు ఆవిడ గొంతు గురించి చెప్పాలి. ఏ ఇంటికి వెళ్ళినా ఆవిడకంటే ముందు అదే గుమ్మం దాటేది. ఇరవై ఏళ్ళపాటు పశువుల కొట్టాల్లో అరిచి అరిచి తయారైన గొంతు. "తోక పట్టుకోవయ్యా, నా మొహం చూస్తావేం!" అని ఒక్క కేక వేసిందంటే ఆవూ, ఆవు యజమానీ ఇద్దరూ బిగుసుకుపోవలసిందే. మనిషి మాత్రం వెన్న. కడుపులో అడ్డం తిరిగిన దూడను బయటికి తియ్యాలంటే ఆవిడ చెయ్యే పడాలని చుట్టుపక్కల అందరూ నమ్మేవారు. దూడల డాక్టరమ్మ అన్న పేరు అలా వచ్చిందే.

ఆ చెయ్యే ఒకరోజు మొరాయించింది. దూడ క్షేమంగా బయటపడింది గాని డాక్టరమ్మ కుడి భుజంలో ఏదో పుటుక్కుమంది. ఎముకల డాక్టరు ఫోటోలు తీసి, వాటిని వెలుతురుకి పట్టుకుని చూసి, ఇక ఈ జన్మకి ఆవుల జోలికి వెళ్ళొద్దని తేల్చేశాడు. ఆఫీసువాళ్ళు మంచి మనసుతోనే ఒక కుర్చీ చూపించారు. టీకాల లెక్కలు సరిచూసి, సర్టిఫికెట్ల మీద ముద్ర కొట్టే కుర్చీ. ఆవిడ అందులో కూర్చున్నదానికంటే దాని చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగిందే ఎక్కువ.

"నేను డాక్టర్నా, రబ్బరు స్టాంపునా?" అని ఇంటికొచ్చి భర్త మీద ఒంటికాలి మీద లేచింది.

ఆ భర్త గడియారాలు బాగుచేసే మనిషి. పుట్టి బుద్ధెరిగాక గొంతెత్తినవాడు కాదు. కంటికున్న భూతద్దం తియ్యకుండానే, "పెద్దవి కాకపోతే చిన్నవి చూడు. పిల్లులకి జబ్బులు రావా?" అన్నాడు.

అలా మొదలైంది. పశువైద్యం చదివినవాళ్ళకి కేవలం పిల్లుల వైద్యం మీద రెండేళ్ళ పైచదువు ఉందని తెలిసింది. నెగ్గితే కాలేజీ ఆస్పత్రిలో పిల్లుల వార్డులో ఉద్యోగం. ఆఖరి పరీక్ష తప్పితే మాత్రం మళ్ళీ ముద్ర కొట్టే కుర్చీయే. రెండోసారి సెలవిచ్చేది లేదని ఆఫీసు ముందే చెప్పేసింది. డాక్టరమ్మ సంతకం పెట్టి వచ్చేసింది. పాత స్నేహితులు ఫోన్లు చేసి మ్యావ్ మ్యావ్ అని ఏడిపించారు. ఆవిడా నవ్వింది. నాలుగు గదుల ఆవు కడుపే కొట్టినపిండి అయినదానికి ఈ గుప్పెడు పొట్ట ఒక లెక్కా అన్న ధీమా లోపల గట్టిగానే ఉంది మరి.

క్లాసులో మిగతా వాళ్ళంతా ఆవిడ పిల్లల ఈడువాళ్ళు. మొదటి వారంలోనే పెద్దక్కా అని పిలవడం మొదలుపెట్టారు. పాఠం చెప్పేది ఒక బక్కపలచటి మాస్టారు. ఆయన నోట్లోంచి వచ్చే ప్రతి రెండో మాట "మెల్లిగా". తలుపు మెల్లిగా, నడక మెల్లిగా, బల్ల మీద స్టెతస్కోపు పెట్టినా మెల్లిగా. అందుకే పిల్లకాయలు ఆయనకి మెల్లిగా మాస్టారని పేరు పెట్టేశారు. ఆ వార్డే వేరుగా ఉండేది. కుక్కలు కనపడకుండా విడిగా ఒక ద్వారం, పిల్లుల బుట్టలు నేలమీద కాకుండా ఎత్తున పెట్టుకోవడానికి గోడకి అరలు, ప్రతి బుట్ట మీదా కప్పడానికి ఉతికి మడతపెట్టిన తువ్వాళ్ళు. "పెళ్ళికూతురికి కూడా ఇంత మర్యాద చెయ్యరు కదండీ!" అంది డాక్టరమ్మ. వార్డంతా ఉలిక్కిపడింది. ఒక అరలోంచి బుస్సుమని జవాబు వచ్చింది.

మాస్టారి పద్ధతి ఆవిడకి అస్సలు కొరుకుడు పడలేదు. పిల్లి వచ్చిందంటే బుట్ట తలుపు తీసిపెట్టి, డాక్టరు నేల మీద కూర్చుని, వేరే ఎటో చూస్తూ ఉండాలట. కళ్ళలోకి సూటిగా చూడకూడదట. అది తనంతట తాను వస్తే సరేసరి. రాకపోతే బుట్ట పైమూత విప్పి, సగం బుట్టలోనే దాన్ని కూర్చోనిచ్చి, తువ్వాలు కప్పి కొంచెం కొంచెంగా చూడాలట. పిల్లలు నేర్చేసుకున్నారు. ఆవిడ చెయ్యి మాత్రం ఊరుకోదే! అరవకుండా, లాగకుండా వైద్యమేమిటని ఆవిడ గొణుగుడు.

ఒకరోజు ఒక దర్జీ తన ఎర్రపిల్లిని తెచ్చాడు. ఈ మధ్య నీళ్ళు ఎక్కువ తాగుతోందేమోనని అతని అనుమానం. మాస్టారు పక్కగదిలో ఉన్నారు. డాక్టరమ్మ బుట్టలో చెయ్యి పెట్టి, మెడ మీది తోలు పట్టి లాగి, అది గింజుకుంటుంటే బల్లకి అదిమి, చెవి అంచున సూదితో గుచ్చి రక్తపు చుక్క తీసింది. మిషన్ చూస్తే షుగరు ఆకాశాన్నంటింది. నీళ్ళు తాగుతోంది, షుగరుంది, ఇంకేం కావాలి? దర్జీకి విషయం చెప్పి, ఇన్సులిన్ రాయడానికి కలం తీసింది. పాపం ఆ మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. "రోజూ నేనే పొడవాలా అమ్మా? దానికి నేనంటేనే నమ్మకం" అన్నాడు.

ఈలోగా మాస్టారు వచ్చారు. మిషన్ చూశారు. బల్లమీద రాలిన వెంట్రుకలు చూశారు. మూల నక్కి, కళ్ళు చక్రాల్లా చేసుకున్న పిల్లిని చూశారు.

"ఈ షుగరు పిల్లిదా, మీదా?" అన్నారు మెల్లిగా.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. పిల్లి జడుసుకుంటే చాలు, దాని రక్తంలో షుగరు అమాంతం పెరుగుతుంది. ఆవుల కడుపులు చూసినదానికి అది తట్టలేదు. మాస్టారు గత రెండు మూడు వారాల సగటు షుగరు చెప్పే ఇంకో పరీక్షకి రక్తం పంపించారు. అది శుభ్రంగా ఉంది. ఎండలు ముదిరాయి గనుక పిల్లి నీళ్ళు తాగింది, అంతే. ఆ ఇన్సులిన్ పడి ఉంటే షుగరు అడుగంటి, మూర్ఛలొచ్చి, బహుశా దర్జీ చేతుల్లోనే పోయేది. ఆ మాట మాస్టారు దర్జీ వెళ్ళాకే చెప్పారు, అది ఆయన పెద్దమనసు. తర్వాత మాత్రం ఖచ్చితంగా చెప్పారు: "ఒక నెలపాటు మీరు ఏ పిల్లినీ ముట్టుకోవద్దు. కూర్చుని చూడండి. అంతే."

డాక్టరమ్మకి తల కొట్టేసినట్టయింది. కొడుకు వయసు పిల్లలు పిల్లుల గుండె వింటుంటే, తాను మూల కూర్చుని చేతులు కట్టుకుని చూడాలి. మొదటి రోజు బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చింది కూడా, అదీ చప్పుడు కాకుండా.

ఇంట్లో చూస్తే హాల్లో టీవీ, వంటింట్లో గిన్నెలు, భర్త గదిలో నలభై గడియారాలు నలభై రకాలుగా టిక్కు టిక్కు. చదువుకోవడానికి నిశ్శబ్దంగా ఉండేది మామగారి గదొక్కటే. ఆయన రైలు నడిపి నడిపి రిటైరయ్యారు. అత్తగారు పోయాక వీళ్ళ దగ్గరికి వచ్చారు. వచ్చినప్పటి నుంచి తలుపు దగ్గరగా వేసుకుని ఆ గదిలోనే ఉండేవారు. కోడలు రోజుకోసారి సుడిగాలిలా లోపలికి దూరి, పరదాలు లాగి, "మామయ్యగారూ, మాత్ర వేసుకున్నారా? కాళ్ళు వాచాయా? ఏదీ చూపించండి" అనేది. ఆయన దుప్పటి పైకి లాక్కుని, "బాగానే ఉన్నానమ్మాయ్" అనేవారు. ఆవిడ వెళ్ళేదాకా అదే మాట. ఆయనకి బయట ఇష్టమైన పని ఒక్కటే. సాయంత్రం కిందికెళ్ళి పేపరు తెచ్చుకోవడం. వస్తూ వస్తూ మెట్ల మధ్యలో కిటికీ దగ్గర చాలాసేపు నిలబడి వీధి చూసేవారు. ఇన్నాళ్ళు రైలు కిటికీలోంచి చూసిన అలవాటు పోలేదని ఇంట్లో అందరూ నవ్వుకునేవారు.

"ఇక్కడ కూర్చుని చదువుకోనా మామయ్యగారూ?" అని అడిగింది డాక్టరమ్మ. ఆయన కొంచెం బెదిరినట్టు చూసి, సరేనన్నారు.

ఆవిడ భుజం గోడకి ఆనించుకుని నేల మీద కూర్చుంది. వార్డులో పొద్దుటి నుంచి నోరు మూసుకుని కూర్చోవడంతో ఇంటికొచ్చేసరికి మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు. మాత్రల సంగతి అడగలేదు. పరదా లాగలేదు. పుస్తకంలో తల దూర్చేసింది. రెండో వారంలో మంచం మీది నుంచే, "ఏం చదువుతున్నావమ్మాయ్?" అని వినపడింది. పిల్లికి నొప్పి ఉంటే మొహం ఎలా మారుతుందో చదువుతున్నానని చెప్పింది. చెవులు పక్కలకి వాలతాయి, కళ్ళు సగం మూతపడతాయి, మూతి బిగుస్తుంది. అరవదు, మూలగదు. "అరిస్తే ఎవడైనా తినేస్తాడని భయం కాబోలు" అన్నారు మామగారు. అప్పటి నుంచి ఏ రోజు పిల్లి కథ ఆ రోజు చెప్పవలసిందే. ఒక్కరోజు ఆలస్యమైతే తలుపు ఓరగా తీసి చూసేవారు. తనకి ఆయన మాలిమి అవుతున్నారని మన డాక్టరమ్మకి తట్టనే లేదు. చదువు బాగా సాగుతోందని మాత్రం సంతోషించింది.

నెల తర్వాత మాస్టారు ఆవిడ చేతులని మళ్ళీ పిల్లుల మీదికి వదిలారు. అప్పటికి ఆ చేతులు కొంచెం మారాయి. గొంతు కూడా సగానికి దిగింది. మిగతా సగం దిగడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఆఖరి పరీక్ష రోజు వచ్చింది. గదిలో నేల మీద బుట్ట, దాంట్లో బూడిదరంగు పిల్లి. ఎవరో వదిలేసిపోతే దిక్కులేని జంతువుల ఆశ్రమంవాళ్ళు తెచ్చారు. ఆరోగ్యంగా ఉంది, బాగా పిరికిది అని ముందే చెప్పారు. గోడవారగా మెల్లిగా మాస్టారు, ఆయన పక్కన బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు. కళ్ళు, నోరు, గుండె, ఊపిరితిత్తులు, పొట్ట అన్నీ చూసి చెప్పాలి. చూడనిదానికి మార్కు లేదు. డాక్టరమ్మ తలుపు తీసి, కూర్చుని, చూపు పక్కకి తిప్పుకుంది. పిల్లి రాలేదు. పైమూత తీసింది. పిల్లి ముడుచుకుని మోచేతులు ఎడంగా పెట్టి, మెడ ముందుకి చాచి కూర్చుంది. డొక్కలు ఎగసిపడుతున్నాయి. భయం ఊపిరే అనుకుని ఆవిడ ఊరుకుంది. కాని భయం ఊపిరి గది సద్దుమణిగితే నెమ్మదిస్తుంది. ఇది నెమ్మదించలేదు. ఛాతీ లేచినప్పుడల్లా పొట్ట లోపలికి పోతోంది.

"మొదలుపెట్టండమ్మా" అన్నాడు పరీక్షకుడు, గోడ గడియారం చూసుకుని.

"మొదలుపెట్టానండీ."

"గుండె వినలేదు, నోరు చూడలేదు. ఏం మొదలుపెట్టారు?"

ఆవిడకి ముద్ర కొట్టే కుర్చీ కళ్ళముందు మెదిలింది. తువ్వాలు కప్పి చకచకా అన్నీ తడిమేస్తే పని అయిపోతుంది. ఆ చేతులకి అదెంత సేపు? ఒక్క క్షణం చెయ్యి లేచింది కూడా. అంతలో పిల్లి నోరు తెరిచి గాలి మింగింది.

ఆవిడ చెయ్యి దించుకుంది. "నేను ముట్టుకోనండీ. ఇప్పుడు పట్టుకుంటే చచ్చిపోతుంది. దీనికి భయం కాదు, ఊపిరి అందట్లేదు. ఆక్సిజన్ పెట్టె కావాలి. నా పరీక్ష ఇక్కడితో ఆపెయ్యండి."

పరీక్షకుడు కాగితాలు మూసేశాడు. మాస్టారు ముందుకొచ్చారు. బుట్టని బుట్టలాగే ఎత్తుకుని, నీళ్ళు తొణకనంత మెల్లిగా, ఆయనే మోసుకెళ్ళారు. పిల్లి తేరుకున్నాక స్కానింగు చేస్తే ఊపిరితిత్తుల చుట్టూ నీరు నిండి ఉంది. తోడేశారు. అది ఊపిరి కుదుటపడి పక్కకి ఒరిగి పడుకునేదాకా ఆవిడ ఆ పెట్టె పక్కనే ఉండిపోయింది. ఫలితం సంగతి ఎవరూ చెప్పలేదు. అడిగే ధైర్యం ఆవిడకీ లేదు.

ఇంటికొచ్చేసరికి దారిలో పక్కింటావిడ, గుమ్మంలో కూతురు, హాల్లో భర్త అందరిదీ ఒకే ప్రశ్న, పాసయ్యావా అని. "తెలీదు. పోయినట్టే" అని చెప్పి, అలవాటుగా మామగారి గదిలోకి వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చుంది. భుజం సలుపుతోంది. మనసైతే చెప్పనక్కర్లేదు.

మామగారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు. తర్వాత, "పిల్లి బతికిందా?" అన్నారు.

పొద్దుటి నుంచి ఆ మాట అడిగినవాళ్ళు లేరు. "బతికింది మామయ్యగారూ. ఊపిరి అందక అలా కూర్చుంటే, పిరికిది కాబట్టి అలా ఉందని అందరం అనుకున్నాం."

ఆయన తలగడలు సర్దుకున్నారు. మూడు తలగడలు. ఎప్పటి నుంచి మూడయ్యాయో ఆవిడ గమనించనే లేదు.

"అమ్మాయ్, నేను మెట్ల మధ్యలో ఆగేది వీధి చూడ్డానికి కాదు" అన్నారు.

పరాయి పిల్లి ఊపిరిని గది అవతలి నుంచి పట్టినదాన్ని, ఇంట్లో మనిషి రోజూ ఊపిరందక మెట్ల మీద నిలబడిపోతే నవ్వుకున్నాను కదా అని సిగ్గుతో చితికిపోయింది. పాత డాక్టరమ్మ అయితే ఈపాటికి కేకలు పెట్టి, వీధంతా పోగుచేసి, ఆయన్ని దుప్పటితో సహా ఆస్పత్రికి మోసేసేది. ఆయన మళ్ళీ బాగానే ఉన్నానని బిగుసుకుపోయేవారు. ఆవిడ లేవలేదు. తీసుకెళ్ళడం ఎలాగూ తీసుకెళుతుంది, ఈ సాయంత్రమే. ముందు ఆయన్ని చెప్పనివ్వాలి.

హాల్లో ఫోను మోగింది. భర్త తీశాడు. ఆ తర్వాత, జన్మలో గొంతెత్తని ఆ గడియారాల మనిషి కేకలు పెడుతూ పరిగెత్తుకొచ్చాడు. "పాసయ్యావే! మీ మాస్టారే ఫోను చేశారు! ముట్టుకోనందుకేనట! పాసయ్యావు!"

తలుపు ధడాలున తెరుచుకుంది. మామగారు ఉలిక్కిపడి దుప్పటి మీదికి లాక్కోబోయారు. డాక్టరమ్మ వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం పైకెత్తింది.

"మెల్లిగా" అంది.

తర్వాత చూపు కొంచెం పక్కకి తిప్పుకుని, "చెప్పండి మామయ్యగారూ, ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది.