ఇత్తడి రజను

మొన్న నా స్కూటరు సర్వీసుకని విజయనగరంలో కొత్తగా పెట్టిన షోరూముకి తీసుకెళ్తే, అక్కడి మెకానిక్కు డ్రెయిన్ బోల్టు విప్పి, దిగిన ఇంజనాయిలు ముఖమైనా చూడకుండా నేరుగా డ్రమ్ములోకి వదిలేశాడు. ఒక్క చుక్క నా చేతిలో వెయ్యి నాయనా అని అడగబోయి ఆగిపోయాను. ముప్పై అయిదేళ్ళు ఆ నూనె వేళ్ళ మధ్య రాసి చూసి అన్నం తిన్నవాణ్ణే గాని, అలా అడిగే అర్హత నాకు లేదని గుర్తొచ్చింది. రాయడానికి సిగ్గుగానే ఉంది. మన ఈడువాళ్ళకి కాకపోతే ఇంకెవరికి చెప్పుకోను.

నేను పని నేర్చుకున్నది సాలూరులో, మా మేనమామ లారీల షెడ్డులో. ఇంజను నుంచి దించిన నూనెని వెడల్పాటి రేకు బేసినులో పట్టి, కాస్త తేరనిచ్చి, ఎండలోకి తెచ్చి వాల్చి చూస్తే లోపల ఏది అరుగుతోందో తెలిసిపోతుందని మామ నేర్పాడు. మెరిసేది అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము, అంటుకోకుండా పచ్చగా తళుక్కుమంటే బేరింగు బుష్‌లు పోయినట్టు. లారీల ముందు చక్రాలకి వేసే ఇత్తడి బుష్‌లని ఆకురాయితో సరిచేసేటప్పుడు రాలే రజనుని నేలపాలు చేయకుండా కింద బేసిను పెట్టి పట్టడం, నాలుగు గుప్పెళ్ళయ్యాక పోతపోసేవాడికి ఇవ్వడం కూడా అక్కడి అలవాటే. ఈ రెండు పనులకీ బేసినులు వేరుగా ఉండాలని మామ చెప్పి చెప్పి అలిసిపోయాడు. విజయనగరంలో సొంత షెడ్డు పెట్టుకుని మేస్త్రీ అనిపించుకున్నాక నాకు చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోయారు.

హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు. మా అక్క మొగుడు, మా బావ, విజయనగరంలో ఒక రైసుమిల్లు షావుకారు దగ్గర ఇరవయ్యేళ్ళుగా డ్రైవరు. ఆ షావుకారు ముచ్చటపడి చెన్నై నుంచి ఎర్రటి స్పోర్ట్సు కారు ఒకటి, ఎవరో వాడినదే, కొనుక్కొచ్చాడు. నేలకి జానెడెత్తు లేని ఆ బండి మన రోడ్ల మీద ప్రతి గతుక్కీ దండం పెట్టుకుంటూ వెళ్ళేది. బావ మాత్రం దాన్ని పసిపిల్లలా చూసుకునేవాడు. చెప్పులు విప్పి గాని లోపల కాలు పెట్టేవాడు కాదు, శ్రీకూర్మం తీసుకెళ్ళి పూజ చేయించినప్పుడు దారి పొడవునా సైకిళ్ళవాళ్ళు కూడా దాటుకుపోయారని అక్క ఏడిపించేది. నూనె మార్చే రోజు వచ్చినప్పుడు షావుకారు విశాఖపట్నం పంపుదామంటే, వద్దు బాబూ, మా బావమరిది ఉన్నాడని నచ్చజెప్పి బండిని నా దగ్గరికి తెచ్చింది కూడా బావే.

స్పోర్ట్సు కారు షెడ్డులోకి వచ్చిందంటే చుట్టుపక్కల మెకానిక్కులు, టైర్ల కొట్టువాడు, టీ కొట్టాయన, అందరూ మూగారు. షావుకారు కూడా స్వయంగా వచ్చి కుర్చీ వేయించుకున్నాడు. నా గొప్పతనం చూపించుకోవడానికి అంతకు మించిన రోజు ఇంకేముంటుంది. పొద్దున్నే ఒక లారీకి బుష్‌లు సరిచేసి, రజను డబ్బాలోకి దులిపి, గుడ్డతో ఒక్క తుడుపు తుడిచిన బేసినునే కారు కింద పెట్టాను. దిగిన నూనెని ఎండలోకి తెచ్చి వాల్చేసరికి పచ్చటి తళుకులు కనిపించాయి. అయస్కాంతం పెడితే అంటుకోలేదు. ఇంకేం, బేరింగులు పోయాయని తేల్చేశాను. ఇంజనులో నూనెని వడపోసే పాత ఫిల్టరు కోసి అందులో కూడా మెరుపు ఉందో లేదో చూడాలని నాకు తెలుసు, కాని అంతమంది ముందు తీర్పు చెప్పాక మళ్ళీ సాక్షిని పిలవడం నామోషీ అనిపించింది.

అలా ఎందుకు అవుతుందని షావుకారు అడిగాడు. నూనె తక్కువున్నప్పుడు నడిపినా, ఇంజను వేడెక్కకముందే ఎక్సలేటరు తొక్కేసినా అవుతుందని పాఠం చెప్పినట్టు చెప్పాను. చెబుతున్నప్పుడు బావ అక్కడే నిలబడి ఉన్నాడు. షావుకారు బావ వైపు చెయ్యి చాపాడు, బావ తాళాలు ఆ చేతిలో పెట్టాడు.

ఇంజను విప్పడానికి మూడు రోజులు పట్టింది. బేరింగులు కొత్తవాటిలా నున్నగా ఉన్నాయి, గోరు పెట్టి గీరినా ఎక్కడా తగల్లేదు. అప్పుడు ఫిల్టరు కోశాను. కాగితం మడతల్లో నల్లటి మసి తప్ప ఒక్క మెరుపు లేదు. బేసిను తెచ్చి, రేకు మడిచిన అంచులో సూది పెట్టి లాగితే ఇత్తడి రజను సన్నగా రాలింది. ఆ క్షణాన షావుకారు ఇంటికి నడుచుకుంటూ వెళ్ళి, తప్పు నాది బాబూ అని ఉంటే సరిపోయేది. మహా అయితే నాలుగు రోజులు నవ్వేవారు. నేను ఆ బేసినుని కిరోసినుతో కడిగి గోడకి తగిలించాను. కొత్త బేరింగులు తెప్పించి వేసి, వేళకి పట్టుకున్నాం గాబట్టి ఇంజను దక్కిందని షావుకారుకి చెప్పాను. ఆయన నన్ను మెచ్చుకున్నాడు.

ఆ తాళాలు మళ్ళీ బావ చేతికి రాలేదు. మిల్లు వ్యాను నడపమన్నారు, నెల తిరక్కుండా తనే మానేసి ఆటో కొనుక్కున్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఒకనాడు అక్కతో కలిసి మా ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, తలొంచుకుని అన్నాడు: "ఒరే, నువ్వు సూడబట్టి బండి బతికినాది. నా సేతిలోనే ఎక్కడో తప్పు జరిగుంటాది. ఏ రోజు జరిగిందో మాత్రం ఎంత ఆలోసించినా తెల్దు." అక్క కాఫీ తెచ్చింది. నేను తాగాను.

తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళలో కలిశామో, ఎన్నిసార్లు ఒకే బంతిలో పక్కపక్కన కూర్చుని తిన్నామో. ఆటోస్టాండులో కొత్తగా చేరిన ప్రతివాడికీ నూనె చూసుకుని స్టార్టు చెయ్యమని, తన వల్ల ఒక ఇంజను పాడైందని బావ చెబుతాడని విన్నప్పుడల్లా మాట మార్చేసేవాణ్ణి. చేయని తప్పుని తనంతట తనే పదిమందికీ చాటుకుంటున్నాడు.

కిందటేడు బావకి గుండె ఆపరేషనయ్యాక, ఇక ఆగలేక, పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పేశాను. బేసిను సంగతి, ఫిల్టరు సంగతి, కిరోసినుతో కడిగిన సంగతి, ఏదీ దాచలేదు. బావ అంతా విని, నా చెయ్యి పట్టుకుని మెల్లగా నవ్వాడు.

"ఊరుకోరా. నా మీద జాలితో నీ పనికి మచ్చెట్టుకుంటావేటి? నీ కన్ను తప్పదని నాకు తెల్దా?"

ఎంత చెప్పినా నమ్మలేదు. ఒట్టు వేశాను, అయినా నమ్మలేదు. అలిసిపోయాడు, పడుకోనిమ్మని అక్క నన్ను బయటికి పంపేసింది.

ఇప్పుడు బండికి కంప్యూటరు తగిలిస్తే అదే కాగితం తీసి ఇస్తుంది, అందులో తప్పుంటే ఇంకో చోట ఇంకో కాగితం తీయించుకుంటారు, మేస్త్రీ మాటని ఎవరూ పట్టించుకోరు. మా కాలమే నయమని మనవాళ్ళు అంటుంటే నేను తలూపలేకపోతున్నాను. ఆ కాలంలో మనిషి మాటకి ఎంత విలువుండేదో నాకు తెలుసు. బావ ఈరోజుకీ తన చేతుల్ని నమ్మడు, నా కంటినే నమ్ముతాడు.